లైను ముందర ఖాళీ

(విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ (కంప్యూటర్లో పుస్తకాల పేజీలు పేర్చే) పనివాళ్ళు, రాసేవాళ్ళు, కాలేజీ పిల్లలు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగానే ఉంది. ఆపమని మాత్రం అనను, ఈ ఎండల్లో బెజవాడలో ఫ్యాను ఆపించినవాడి ఉపన్యాసం ఎవరూ వినరు. నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఇవాళ మాట్లాడుకునేది పేరా మొదట్లో లైనుని కొంచెం లోపలికి జరుపుతాం చూడండి, దాని గురించి. డీటీపీ వాళ్ళు ఇండెంట్ అంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు ఇండెంటేషన్ అంటారు. స్కూల్లో మాస్టారు పేరేమీ చెప్పరు, "రెండు వేళ్ళు జాగా వదిలి మొదలుపెట్టరా" అంటారు. ముగ్గురూ చెప్పేది ఒకటే. దీని మీద అంతసేపు మాట్లాడటానికి ఏముంది అని కొంతమంది నవ్వారట. నవ్వండి, ఫరవాలేదు. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు కదా. ఆ ఖాళీ అందం కోసం పెట్టేది కాదు. అది చదివేవాడికి ఒక మాట చెబుతుంది. ఒకచోట "ఇక్కడ కొత్త సంగతి మొదలైంది" అంటుంది. ఇంకోచోట "ఈ లైను పై లైనుకి లోబడి ఉంది" అంటుంది. మరోచోట "ఈ ముక్క నాది కాదు, వేరేవాళ్ళది" అంటుంది. ఏం చెప్పాలనుకుంటున్నామో తెలియకుండా ఖాళీ వదిలితే, అది తప్పు మాట చెబుతుంది. తప్పు మాట చెబితే ఏమవుతుందో కూడా ఇవాళ చూద్దాం, ఒక్కోసారి పెద్ద నష్టమే అవుతుంది.

తాటాకు దగ్గర మొదలుపెడదాం. తాటాకు గ్రంథాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎంతమంది, చేతులెత్తండి. సరే, తక్కువే. ఆకు బాగా పొడుగ్గా ఉంటుంది, వెడల్పు మాత్రం రెండు మూడు వేళ్ళు. గంటంతో గీరి రాసి తర్వాత మసి పూస్తారు, అప్పుడు అక్షరం పైకి కనపడుతుంది. అందులో పదానికీ పదానికీ మధ్య జాగా ఉండదు. పేరా అనేది అసలే లేదు. పద్యం అయిపోతే ఒక నిలువు గీతో రెండో, పక్కన ఒక అంకె, అంతే, అదే లైన్లో తర్వాతి పద్యం మొదలు. ఆకులో ఒకచోట మాత్రం కచ్చితంగా ఖాళీ ఉంటుంది, తాడు దూర్చే కన్నం చుట్టూ. అది చదివేవాడి కోసం వదిలింది కాదు, తాడు ఒరుసుకుని అక్షరాలు చెరిగిపోకుండా వదిలింది.

మరి చదివేవాళ్ళకి ఇబ్బంది కాలేదా? అంతగా కాలేదు. ఎందుకంటే వాళ్ళు పైకి చదివేవాళ్ళు. పాదం ఎక్కడ ఆగిందో గణాలు చెబుతాయి, యతి చెబుతుంది, ప్రాస చెబుతుంది. చెవికి తెలుస్తున్నప్పుడు కంటికి వేరే గుర్తు ఎందుకు? మనం నోరు మూసుకుని కళ్ళతో చదవడం అలవాటు చేసుకున్నాక, అందులోనూ వచనం గుట్టలు గుట్టలుగా చదవడం మొదలయ్యాక, అప్పుడు కావాల్సి వచ్చింది ఈ ఖాళీ. వచనంలో గణాలు లేవు కదా, ఎక్కడ ఆగాలో చెవికి ఎవరు చెబుతారు?

యూరప్‌లోనూ ఇంచుమించు ఇదే కథ. పాత గ్రీకు రాతల్లో కొత్త ముక్క మొదలయ్యే చోట ఎడమ పక్కన ఒక చిన్న అడ్డగీత గీసేవాళ్ళు, అంతే. తర్వాత తర్వాత కొందరు ఇంకో పని చేశారు. నాలుగో శతాబ్దంనాటి సైనైటికస్ అనే గ్రీకు బైబిల్ ప్రతి ఉంది, అందులో కొత్త పేరా మొదటి అక్షరాన్ని మార్జిన్లోకి నెట్టారు. లోపలికి కాదండి, బయటికి! మనం చేసేదానికి సరిగ్గా తిరగబడి. కానీ చెప్పే మాట అదే కదా, "ఇక్కడ కొత్తది మొదలు" అని. కన్ను ఎడమ అంచు వెంబడి కిందకి జారుతుంటే ఎక్కడో ఒకచోట అంచు తప్పాలి, అది లోపలికి తప్పినా బయటికి తప్పినా పని జరుగుతుంది.

ఆ తర్వాత ఒక గుర్తు వచ్చింది. మీరందరూ చూసిందే, ఎంఎస్ వర్డ్‌లో తిరగేసిన ఇంగ్లీషు పీ అక్షరంలా పైన బటన్ ఉంటుంది చూడండి, అది. రాతగాడు నల్ల సిరాతో రాసుకుంటూ పోయి, పేరా మొదట్లో ఆ గుర్తుకి జాగా వదిలేవాడు. వేరే మనిషి వచ్చి ఎర్ర సిరాతో ఆ గుర్తు వేసేవాడు. అది వాడి పని, వాడి కూలి. 1450ల్లో గుటెన్‌బర్గ్ అచ్చు మొదలుపెట్టాక పుస్తకాలు వందల్లో రావడం మొదలైంది. అన్నిటికీ ఎర్ర సిరా వేయడానికి మనుషులెక్కడ? గుర్తు వేయకుండానే పుస్తకాలు బయటికి పోయాయి, జాగా జాగాగానే ఉండిపోయింది. చదివేవాళ్ళు ఏమైనా గొడవ చేశారా? లేదు. ఖాళీ చూసి "ఓహో, కొత్త పేరా" అనుకున్నారు. మనం ఇవాళ వదిలే రెండు వేళ్ళ జాగా, ఆ ఎర్ర గుర్తు కోసం వదిలిన జాగా అన్నమాట. మార్పు ఒక్క రోజులో రాలేదనుకోండి, రెండు పద్ధతులూ పక్కపక్కనే చాలాకాలం నడిచాయి.

ఇక్కడ ముందు వరసలో పాత రోజుల్లో కంపోజింగ్ చేసిన బాబాయిగారు కూర్చున్నారు. బాబాయిగారూ, నేను ఏదైనా తప్పు చెబితే ఆపేయండి. కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు రోజుల్లో కేసులోంచి, అంటే అక్షరాల గళ్ళ పెట్టెలోంచి, ఒక్కో సీసపు అక్షరం ఏరి స్టిక్కులో, అంటే చేతిలో పట్టుకునే పట్టీలో, పేర్చేవాళ్ళు. పేరా మొదట్లో ఖాళీ కావాలంటే ఏం చేసేవాళ్ళు? ఖాళీగా వదిలేస్తే అక్షరాలు పక్కకి పడిపోతాయి కదా. అందుకని అక్కడ క్వాడ్ పెట్టేవాళ్ళు. సీసపు దిమ్మ. అక్షరం కంటే ఎత్తు తక్కువ ఉంటుంది, దానికి సిరా అంటదు, కాయితం మీద పడదు. అంటే ఏమిటి? వాళ్ళకి ఖాళీ అనేది ఒక వస్తువు. దానికి బరువుంది, ఖరీదుంది, చేత్తో పట్టుకుని తెచ్చి పెట్టాలి. ఎం క్వాడ్ అంటే నలుచదరంగా ఉంటుంది, 12 పాయింట్ల టైపయితే 12 పాయింట్ల వెడల్పు. పేరాకి ఒక ఎం వదలండి అని ఇప్పటికీ పుస్తకాలు చేసేవాళ్ళు చెప్పే మాట ఆ దిమ్మ నుంచి వచ్చిందే. అలా చేత్తో పెట్టినవాడు ఊరికే పెట్టడు. ఇప్పుడు మనకి స్పేస్‌బార్ ఉంది, బొటనవేలితో ఎన్నిసార్లయినా కొట్టొచ్చు, ఖర్చు లేదు. ఖర్చు లేని చోటే కదా నిర్లక్ష్యం వచ్చేది.

మధ్యలో టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం ఒకటి ఉంది. లోయర్, హయ్యర్ పాసయినవాళ్ళు ఉన్నారా ఇక్కడ? చూశారా, జుట్టు నెరిసినవాళ్ళే చేతులెత్తుతున్నారు. అక్కడ ఐదు స్పేసులు అని నేర్పేవాళ్ళు. టైపు మిషన్ మీద అన్ని అక్షరాలకీ ఒకటే వెడల్పు, ఐదు కొడితే ప్రతిసారీ ఐదే వస్తుంది. అక్కడ అది సరైన పద్ధతే. కంప్యూటర్లోకి వచ్చాక కూడా అదే కొడుతున్నాం, గొడవ అక్కడ వచ్చింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు తెలుగు పుస్తకం సంగతి. పేరాకీ పేరాకీ మధ్య ఒక లైను ఖాళీ వదిలేస్తే సరిపోదా, ఇండెంట్ ఎందుకు అని నన్ను చాలామంది అడుగుతారు. సరిపోతుంది. కానీ డబ్బు ఎవరు పెడతారు? లెక్క వేసి చూద్దాం, ఇది మీ ముందు ఊరికే వేస్తున్న లెక్క. 1/8 డెమ్మీలో, అంటే మామూలు కథల పుస్తకం సైజులో, 200 పేజీల పుస్తకం. పేజీకి 28 లైన్లు. పేజీకి నాలుగు పేరాలు అనుకోండి, నాలుగు ఖాళీ లైన్లు. 200 పేజీల్లో 800 లైన్లు. 28తో భాగించండి. 28 పేజీలు పైన. ఒకేసారి అచ్చయ్యే కాయితాన్ని ఫారం అంటారు, ఫారానికి 16 పేజీలు, అంటే రెండు ఫారాలకి దగ్గర దగ్గర. వెయ్యి కాపీలు వేస్తే రెండు వేల ఫారాల కాయితం తెల్లగా పోయినట్టే. అదీ సొంత డబ్బులతో పుస్తకం వేసుకునే రచయిత! మన దగ్గర సగం మంది అలాగే వేసుకుంటున్నారు కదా.

పైగా తెలుగు లైను ఇంగ్లీషు లైను లాంటిది కాదు. మన అక్షరానికి పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు. "రాష్ట్రం" రాసి చూడండి, "స్త్రీ" రాసి చూడండి, కిందకి ఎంత దిగుతుందో. పై లైను ఒత్తు, కింది లైను గుడి గుద్దుకోకూడదంటే లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఎక్కువ కావాలి. అసలే ఎత్తయిన లైను, దాన్ని ఖాళీగా వదిలితే ఇంగ్లీషువాడి కంటే మనకే ఎక్కువ కాయితం దండగ. ఇండెంట్ అయితే అదే పని ఒక ఎం వెడల్పులో చేసేస్తుంది. కథల్లో అయితే మరీను. సంభాషణలు వస్తాయి, "వచ్చావా?" ఒక లైను, "ఆఁ" ఒక లైను. మధ్యలో ఖాళీ లైన్లు పెడితే పేజీలో కథ కంటే తెలుపు ఎక్కువ కనపడుతుంది.

అలాగని ఇండెంట్ ఎంత పెద్దదయితే అంత మంచిదా? కాదు. పేపర్లో కాలమ్ చూడండి, ఎంత ఇరుగ్గా ఉంటుందో. మన మాటలేమో పొడుగు. "మాట్లాడుకోవాల్సివచ్చినప్పుడు" అని ఒక మాట వచ్చిందనుకోండి, అదొక్కటే లైనంతా తినేస్తుంది. అలాంటి చోట పేరాకి లోతుగా ఇండెంట్ పెడితే ఆ మాట పట్టదు, కింది లైనుకి దూకుతుంది, పైన ఏదో రెండక్షరాల మాట ఒంటరిగా మిగిలిపోతుంది. లైను వెడల్పుని బట్టి ఇండెంట్. ఇరుకు కాలమ్‌కి చిన్నది, వెడల్పు పేజీకి కొంచెం పెద్దది.

ఇంకో చిన్న సంగతి. హెడ్డింగు కింద మొదటి పేరాకి ఇండెంట్ అక్కర్లేదని ఇంగ్లీషు పుస్తకాలు చేసేవాళ్ళు అంటారు. కారణం తేలికే, హెడ్డింగు ఉంది కదా, కొత్తది మొదలైందని అదే చెప్పేసింది, మళ్ళీ చెప్పడం ఎందుకు అని. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా అన్ని పేరాలకీ పెట్టేస్తారు. తప్పేం కాదు. నా మట్టుకు నేను మొదటి పేరాకి పెట్టను. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, ఇండెంటూ పెట్టి, మధ్యలో లైనూ వదలడం, రెండూ చేయకండి. బస్సులో కండక్టరు ఒక బెల్లు కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. గట్టిగా ఆపాలని రెండు కొడితే బస్సు ఆగుతుందా?

పద్యం దగ్గరికొద్దాం, ఇది నాకు ఇష్టమైన చోటు, కొంచెం ఎక్కువసేపు ఉంటాను. అచ్చులో పద్యం ఎలా ఉంటుంది? ఎడమ పక్కన బయటికి "ఉ." అనో "చం." అనో "క." అనో ఉంటుంది, పద్యం పాదాలు దానికి లోపలగా ఒకదాని కింద ఒకటి. ఆ "క." బయటికి వేలాడుతుంటుంది. నిఘంటువులో కూడా ఇంతే, మాట బయటికి, అర్థం లోపలికి. నాటకం పుస్తకంలోనూ పాత్ర పేరు బయటికి, మాటలు లోపలికి. దీన్ని హ్యాంగింగ్ ఇండెంట్ అంటారు. మొదటి లైను బయట, మిగతావి లోపల. వెతుక్కునే పుస్తకాలకి ఇది పనికొస్తుంది, కన్ను బయట అంచు మీదే పరిగెత్తుతూ కావాల్సినచోట ఆగుతుంది. నాటకం ఆడేవాళ్ళకి తెలుసు, రిహార్సల్లో తన పేరు కోసం పేజీ అంతా చదవరు కదా, అంచు చూస్తారు.

సీసం తీసుకోండి. సీస పాదం పెద్దది, ఆరు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు. మామూలు పేజీలో ఒక లైనుకి పట్టదు. అందుకని పాదాన్ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కని కొంచెం లోపలికి జరిపి వేస్తారు. ఆ జరపడమే చెబుతుంది, "ఇది కొత్త పాదం కాదు, పైదానిలో మిగతా సగం" అని. నాలుగు పాదాలు, ఎనిమిది లైన్లు, దాని కింద తేటగీతో ఆటవెలదో. ఇప్పుడు దీన్ని ఎవరో ఫోన్లో కాపీ కొట్టి పంపించారు. లోపలికి జరిపిన ఖాళీలన్నీ దారిలో పోయాయి. ఎనిమిది లైన్లూ ఒకే అంచుకి వచ్చి నిలబడ్డాయి. ఛందస్సు తెలిసినవాడికి ఫరవాలేదు. తెలియని పిల్లవాడు ఏమనుకుంటాడు? సీసానికి ఎనిమిది పాదాలనుకుంటాడు. అనుకోడా? ఏ అక్షరమూ మారలేదు, ఒత్తు కూడా పోలేదు, అయినా పద్యం తప్పుగా అందింది. ఫోన్లో పద్యాలు పెట్టేవాళ్ళకి నేను చెప్పేది, ఖాళీని నమ్ముకోకండి, పాదం అయినచోట నిలువు గీత పెట్టండి. తాటాకు వాళ్ళు పద్యం చివర చేసింది అదే కదా, ఫోనూ ఆకులాంటిదే, ఇరుకు.

ఖాళీ అసలు పనికిరాని చోటు ఒకటి ఉంది, తెలుసా? దస్తావేజు. రిజిస్ట్రారాఫీసు దగ్గర లేఖరి చేత్తో రాసిన పాత దస్తావేజు ఎవరింట్లోనైనా ఉంటే తీసి చూడండి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సందు లేకుండా రాసేస్తారు. పేరా లేదు, ఇండెంట్ లేదు. ఎక్కడైనా చివర్లో జాగా మిగిలితే గీత కొట్టేస్తారు. ఎందుకు? రేపు ఎవడో ఆ జాగాలో "మరియు దొడ్డి స్థలము" అని ఇరికించకుండా. చెక్కు మీద అంకెల పక్కన గీత కొడతాం కదా, అదే భయం. చదవడానికి కష్టంగా ఉంటుంది, నిజమే. కానీ అక్కడ ముఖ్యం సులువుగా చదవడం కాదు, ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉండటం.

అదే చట్టాలు, నిబంధనల దగ్గరికొస్తే ఇండెంట్ లేకుండా బతకలేం. మన అపార్టుమెంట్ల అసోసియేషన్ రూల్సే తీసుకుందాం. బోర్డు మీద రాస్తున్నాను చూడండి.

కిందివాళ్ళు సెల్లారులో కారు పెట్టుకోవచ్చు:
    (అ) ఫ్లాటు ఓనర్లు
    (ఆ) అద్దెకున్నవాళ్ళు
        అయితే నెలకి 300 రూపాయలు కట్టాలి.

చివరి లైను (ఆ) కిందకి ఇంకా లోపలికి ఉంది. ఎవరు కట్టాలి? అద్దెకున్నవాళ్ళే. ఓనర్లు హాయిగా ఉన్నారు. ఇప్పుడు చివరి లైనొక్కటీ చెరిపి, మొదటి లైను అంచు దాకా బయటికి లాగుతాను.

కిందివాళ్ళు సెల్లారులో కారు పెట్టుకోవచ్చు:
    (అ) ఫ్లాటు ఓనర్లు
    (ఆ) అద్దెకున్నవాళ్ళు
అయితే నెలకి 300 రూపాయలు కట్టాలి.

ఇప్పుడెవరు కట్టాలి? అందరూ. ఒక్క మాట మార్చలేదు, ఒక్క అక్షరం మార్చలేదు. నోటీసు బోర్డుకి టైపు చేసిన కుర్రాడు ట్యాబ్ నొక్కడం మర్చిపోతే మెయింటెనెన్సు మీటింగులో తన్నుకునే పరిస్థితి వస్తుంది. కాబట్టి నిజంగా రూల్సు రాసేటప్పుడు ఖాళీ ఒక్కదాని మీదే భారం వేయకండి, "(ఆ) లో చెప్పినవారు మాత్రమే" అని మాటల్లో కూడా రాయండి.

ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది వచ్చారు, వాళ్ళు ఇందాకటి నుంచి ఎదురుచూస్తున్నారు పైథాన్ అనే కంప్యూటర్ భాష మాట ఎప్పుడొస్తుందా అని. వచ్చేసింది. చాలా కంప్యూటర్ భాషల్లో ఏ పని దేని కిందకి వస్తుందో చెప్పడానికి మీసాల బ్రాకెట్లు వాడతారు. ఇండెంట్ కూడా పెడతారు, కానీ అది మనిషి కోసం, మిషను దాన్ని పట్టించుకోదు. పైథాన్ తయారుచేసిన గిడో వాన్ రోసమ్ అనే డచ్చాయన, 1991లో బయటికి వదిలాడు దాన్ని, ఆయన బ్రాకెట్లు తీసేసి ఇండెంటునే వ్యాకరణం చేశాడు. అసలు ఆ ఆలోచన ఇంకా పాతది, పీటర్ లాండిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1966లోనే రాశాడు, ఫుట్‌బాల్లో ఆఫ్‌సైడ్ ఉంది కదా, దాని పేరే పెట్టాడు ఆ పద్ధతికి. సరే, తెలుగులోనే రాస్తాను.

బిల్లు కట్టకపోతే:
    నోటీసు పంపు
    కరెంటు కట్ చెయ్యి

బాగానే ఉంది. ఇప్పుడు ఇది చూడండి.

బిల్లు కట్టకపోతే:
    నోటీసు పంపు
కరెంటు కట్ చెయ్యి

ఏమైంది? నవ్వుతున్నారు, అర్థమైంది. కట్టనివాడికి నోటీసు, కట్టినవాడికీ కట్టనివాడికీ అందరికీ చీకటి. పైథాన్‌కి ఈ రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట్లో తిట్టుకుంటారు, ఇండెంటేషన్ ఎర్రర్ అని వస్తుంటే టెన్షన్ పడతారు. పడకండి. నాలుగు స్పేసులు, ఎప్పుడూ నాలుగే, పైథాన్ వాళ్ళు పెప్ 8 అని రాసుకున్న పద్ధతుల్లో అదే ఉంది. ట్యాబులూ స్పేసులూ కలిపి కొట్టకండి. కంటికి రెండూ ఒకేలా కనపడొచ్చు, మిషనుకి కాదు. ఆ కలపడంలో అయోమయం ఉంటే పైథాన్ 3 అసలు నడవనే నడవదు.

మరి మిషను పట్టించుకోని భాషల్లో హాయేనా? అక్కడే అసలు ప్రమాదం. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో ఒక లోపం బయటపడింది. గోటు ఫెయిల్ అని పేరుపడింది దానికి. సురక్షిత కనెక్షన్ అసలుదా నకిలీదా అని పరీక్ష చేసే చోట, "తేడా ఉంటే ఫెయిల్‌కి పో" అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది షరతుకి లోబడినది. రెండోది కాదు, దానికి ఏ షరతూ లేదు, అది ఎప్పుడూ జరుగుతుంది, దాంతో కింద ఉన్న అసలు పరీక్ష ఎప్పటికీ జరగదు. కానీ రెండో లైనుని కూడా మొదటిదానితో సమానంగా లోపలికి జరిపి రాశారు. చదివేవాడి కంటికి అదీ షరతు కిందే ఉన్నట్టు కనపడింది. ఇండెంటు మనిషికి ఒక మాట చెప్పింది, మిషను ఇంకోటి విన్నది. ఆపిల్ వెంటనే అప్‌డేట్ ఇచ్చిందనుకోండి. 2016లో జీసీసీ అనే కంపైలర్ (మనం రాసిన కోడుని మిషను భాషలోకి మార్చేది) వాళ్ళు, ఇలా ఇండెంటు అబద్ధం చెబుతుంటే హెచ్చరించే ఏర్పాటు పెట్టారు. ఖాళీ అబద్ధం చెప్పగలదని ఒప్పుకున్నట్టే కదా!

సరదాగా ఇంకొకటి చెబుతాను. మేక్ అని పాత సాఫ్ట్‌వేర్ ఉంది, 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన బెల్ ల్యాబ్స్‌లో రాశాడు. అందులో ఆజ్ఞలు రాసే లైను ట్యాబుతోనే మొదలవ్వాలి, స్పేసులు కొడితే ఒప్పుకోదు. ఇది ఇబ్బందిగా ఉందని ఆయనకీ కొన్నాళ్ళకే తెలిసింది. మార్చచ్చు కదా? అప్పటికే ఓ డజను మంది వాడేస్తున్నారట, వాళ్ళలో ఎక్కువమంది స్నేహితులే, వాళ్ళని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని వదిలేశాడు. ఆ డజను మంది కోసం ఇవాళ్టికీ ప్రపంచమంతా ట్యాబ్ కొడుతోంది.

కళ్ళు కనపడనివాళ్ళు ప్రోగ్రామింగ్ చేస్తారు, ఆ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉంది. అందులో సెట్టింగు పెట్టుకుంటే లైను ఎంత లోపలికి ఉందో మాటల్లో చెబుతుంది, లేదా ఒక స్వరంలా వినిపిస్తుంది, లోపలికి వెళ్ళేకొద్దీ ఆ స్వరం మారుతుంది. మనం ఊరికే చూసి వదిలేసేదాన్ని వాళ్ళు విని పట్టుకుంటారు. అంత పనిచేస్తుంది ఆ ఖాళీ.

ఇప్పుడు స్పేస్‌బార్ సంగతి, ఇందాక బాకీ పెట్టాను. ఈమధ్య ఒక కథల సంపుటి ఫైలు నా దగ్గరికి వచ్చింది. పైకి చూస్తే బాగానే ఉంది. ఆ తిరగేసిన పీ బటన్ నొక్కాను, దాచిన గుర్తులన్నీ బయటపడతాయి. స్పేసు కొట్టినచోటల్లా చిన్న చుక్క కనపడుతుంది. ఒక పేరా ముందు ఐదు చుక్కలు, దాని కింద ఏడు, ఇంకోచోట నాలుగు, ఒకచోట ట్యాబ్ కొట్టి మళ్ళీ రెండు చుక్కలు. టైపు మిషన్ కాదు కదా ఇది, ఇక్కడ స్పేసు వెడల్పు ఫాంటు ఫాంటుకీ మారుతుంది. జస్టిఫై చేసిన, అంటే రెండు అంచులూ సమానంగా సర్దిన, లైన్లో స్పేసు సాగుతుంది. సరే, అచ్చు పుస్తకానికి ఎలాగో సర్దుకున్నారనుకోండి. రేపు దాన్ని డీటీపీ వాళ్ళు వాడే అనూ ఫాంట్ల నుంచి, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అంతటా పనిచేసే యూనికోడ్‌లోకి మార్చి ఈబుక్ చేద్దామంటే? లైన్లు మళ్ళీ కొత్తగా పేర్చుకుంటాయి, అప్పుడు లైను చివర ఎంటర్ కొట్టి, కింద స్పేసులు కొట్టిన చోటల్లా వాక్యం మధ్యలో గుంటలు పడతాయి. ఆ గుంటలు పూడ్చే పని ఎవరో ఒకరు కూర్చుని చేయాలి, రోజుల తరబడి, వాళ్ళకి డబ్బులిచ్చేవాళ్ళు ఉండరు.

వర్డ్‌లో పైన రూలర్ ఉంటుంది. ఎడమ పక్కన రెండు చిన్న త్రికోణాలు. పైది జరిపితే పేరా మొదటి లైను ఒక్కటే జరుగుతుంది. కిందది జరిపితే మొదటిది తప్ప మిగతావన్నీ జరుగుతాయి, ఇందాకటి పద్యానికీ నిఘంటువుకీ కావాల్సింది అదే. లేదంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఫస్ట్ లైన్ అని ఎంచుకోండి. అక్కడ దానంతట అదే అర అంగుళం అని వస్తుంది. అది పెద్ద ఏ4 కాయితానికైతే సరిపోతుందండి, డెమ్మీ పుస్తకంలో లైను వెడల్పే నాలుగు అంగుళాలకి అటూ ఇటూగా ఉంటుంది, అర అంగుళం అంటే ఎనిమిదో వంతు పోయినట్టే. పావు అంగుళం చాలు, ఇంకా తగ్గించినా తప్పులేదు. దాన్ని స్టైల్‌గా సేవ్ చేసుకోండి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్లు పేజీమేకర్లోనైనా ఇన్‌డిజైన్లోనైనా పద్ధతి ఇదే. ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారుతుంది.

వెబ్ పేజీలో మేము ఎన్ని స్పేసులు కొట్టినా కనపడవేంటి అని అడుగుతున్నారు అక్కడ ఒకమ్మాయి. అవునమ్మా, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ ఎన్ని స్పేసులున్నా ఒక్కటిగా కుదించేస్తుంది, పేరా మొదట్లోవయితే అసలు మింగేస్తుంది. అలాగని ఇండెంటుకి దారి లేక కాదు, 1996లో వచ్చిన, వెబ్ పేజీల రూపురేఖలు చెప్పే, మొదటి సీఎస్‌ఎస్‌లోనే టెక్స్ట్ ఇండెంట్ అని ఉంది. కానీ బ్రౌజర్లు మొదటి నుంచీ పేరాల మధ్య ఎడం ఇచ్చేవి, జనం దానికే అలవాటు పడ్డారు. తెర మీద కాయితం ఖర్చు లేదు, వేలితో పైకి తోసుకుంటూ చదువుతాం, ఎడం ఉంటే కన్ను ఎక్కడుందో దొరుకుతుంది. అందుకని వెబ్‌లో మధ్యలో లైను వదలండి, ఇండెంట్ వద్దు. పుస్తకంలో ఇండెంట్ పెట్టండి, లైను వద్దు. అదే కథ రెండు చోట్లా వేస్తుంటే స్టైలు మార్చుకోవాలి తప్ప ఫైల్లో కొట్టుకుంటూ పోకూడదు.

పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళు తెచ్చుకున్నవాళ్ళు కొందరు ఉన్నారని చెప్పారు. టీ తాగి ఆ పక్క గదిలో కంప్యూటర్ దగ్గరికి రండి. పద్యాల పుస్తకం ఉన్నవాళ్ళు ముందు రండి, దానికి టైము ఎక్కువ పడుతుంది.